బెంగళూరులో ఎలక్ట్రికల్ ప్రొఫెసర్ కావాలంటే: గేట్ నుంచి సొంత ల్యాబ్ దాకా

బీటెక్ ఈఈఈ అయిపోయింది, సాఫ్ట్‌వేర్ ఆఫర్ చేతిలో ఉంది, కానీ మనసు మాత్రం మెషీన్స్ ల్యాబ్‌లోనో కంట్రోల్ సిస్టమ్స్ క్లాసులోనో ఉండిపోయింది. ప్రొఫెసర్ అయి రీసెర్చ్ చేసుకుంటే ఎంత బాగుంటుందో అనిపిస్తోంది, కానీ ఎక్కడ మొదలుపెట్టాలో ఇంట్లో ఎవరికీ తెలియదు. అలాంటివాళ్ల కోసమే ఇది. ఈసీఈ, ఇన్‌స్ట్రుమెంటేషన్ వాళ్లకూ చాలా వరకు వర్తిస్తుంది. నేనుండేది బెంగళూరు కాబట్టి ఇక్కడి సంగతులే ఎక్కువ చెబుతాను. చెన్నైలో ఐఐటీ మద్రాస్, అన్నా యూనివర్సిటీ వైపు వెళ్లేవాళ్లకూ దారి దాదాపు ఇదే.

అసలు విషయం ముందే చెప్పేస్తాను. ఈ దారిలో ఏ మెట్టు దగ్గరైనా ఇన్‌స్టిట్యూట్ పేరు కన్నా, మీరు ఎవరి దగ్గర ఏ ప్రశ్న మీద పని చేస్తున్నారన్నదే ఎక్కువ తేడా తెస్తుంది. పేరు చూసి చేరి, నచ్చని టాపిక్ మీద ఆరేళ్లు ఈడ్చినవాళ్లను చూశాను. అంతగా పేరు లేని చోట మంచి గైడ్ దొరికి, మూడో ఏడాదికే తమ సబ్జెక్టులో నలుగురికీ తెలిసినవాళ్లనూ చూశాను.

టైము, డబ్బు

బీటెక్ తర్వాత నేరుగా పీహెచ్‌డీలో చేరితే అయిదారేళ్లు పడుతుంది. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం కనీసం 3 ఏళ్లు, మామూలుగా 6 ఏళ్లలోపు పూర్తి చేయాలి. ఆ తర్వాత పోస్ట్‌డాక్, అంటే పీహెచ్‌డీ అయ్యాక ఇంకో ల్యాబ్‌లో కొంతకాలం చేసే రీసెర్చ్ ఉద్యోగం, ఒకటి నుంచి మూడేళ్లు. అంటే 22 ఏళ్లకు మొదలుపెట్టినవాళ్లు అసిస్టెంట్ ప్రొఫెసర్ కుర్చీలో కూర్చునేసరికి ముప్ఫై దాటడం మామూలే. ఈ లెక్క ఇంట్లో ముందే, స్పష్టంగా చెప్పండి. మధ్యలో పెళ్లి మాటలు, చెల్లి చదువు, ఇంటి లోను అన్నీ వస్తాయి. అప్పటికప్పుడు చెబితే అమ్మానాన్నలకు అది టెన్షన్. ముందే తెలిస్తే వాళ్లే మీ తరఫున చుట్టాలకు జవాబు చెబుతారు.

డబ్బు సంగతి. గేట్‌తో, అంటే ఎంటెక్, పీహెచ్‌డీ ప్రవేశాలకు దేశమంతటా పెట్టే పరీక్షతో, ఎంటెక్‌లో చేరితే నెలకు 12,400 రూపాయలు వస్తాయి. పీహెచ్‌డీలో 2023 జనవరి నుంచి జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) నెలకు 37,000, రెండేళ్ల తర్వాత ఎస్ఆర్ఎఫ్ (సీనియర్ ఫెలోషిప్) 42,000. ప్రైమ్ మినిస్టర్స్ రీసెర్చ్ ఫెలోషిప్ వచ్చినవాళ్లకు 70,000తో మొదలై 80,000 దాకా వెళ్లింది. హాస్టల్లో ఉంటే 37,000 ఒక్కరికి సరిపోతుంది, ఇంటికి కొంచెం పంపనూ వచ్చు. పెళ్లయి మత్తికెరెలోనో యశ్వంతపురలోనో అద్దెకుంటే మాత్రం చాలా జాగ్రత్తగా నడపాలి. ఐఐటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ గ్రేడ్ 1 బేసిక్ పే 1,01,500 దగ్గర మొదలవుతుంది, దాని మీద డీఏ, హెచ్ఆర్ఏ కలుస్తాయి. సుఖంగా బతకడానికి ఇది చాలు. మీ బ్యాచ్‌లో చిప్ డిజైన్‌కు వెళ్లినవాళ్లతో పోల్చుకుంటూ కూర్చుంటే మాత్రం ఎంతొచ్చినా తక్కువే. ఈ ఒక్క విషయంలో చేరకముందే మనసు గట్టి చేసుకోవాలి.

లోపలికి వెళ్లడం

గేట్ ఫిబ్రవరిలో, ఫలితం మార్చిలో, స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. అప్లికేషన్లు మాత్రం ఫలితాల కోసం ఆగవు, కొన్ని ముందే తెరుచుకుంటాయి, కాబట్టి బెంగళూరులోని ఐఐఎస్సీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్), ఐఐటీల అడ్మిషన్ పేజీలు జనవరి నుంచే చూస్తూ ఉండండి. ఎంటెక్, ఎంటెక్ రీసెర్చ్, పీహెచ్‌డీ అని వేరువేరు ప్రోగ్రాములు ఉంటాయి. పీహెచ్‌డీ చేస్తానో లేదో ఇంకా తేలనివాళ్లకు ఎంటెక్ రీసెర్చ్, ఐఐటీ మద్రాస్‌లో అయితే ఎంఎస్, చాలా మంచి దారి: థీసిస్ పని ఎలా ఉంటుందో తెలుస్తుంది, నచ్చితే పీహెచ్‌డీకి మారే వీలుంటుంది, నచ్చకపోతే మంచి డిగ్రీతో కంపెనీకి వెళ్లొచ్చు.

రీసెర్చ్ ప్రోగ్రాములకు గేట్ గుమ్మం దాకానే తీసుకెళ్తుంది, లోపలికి పంపేది ఇంటర్వ్యూ. మన పిల్లలు దెబ్బతినేది అక్కడే. కోచింగ్‌లో ఫార్ములా నేర్పారు, ఆన్సర్ వస్తుంది, కానీ బోర్డు దగ్గర నిలబెట్టి "ఎందుకు?" అంటే మాట ఆగిపోతుంది. ఒక ఉదాహరణ తీసుకోండి. 1 మైక్రోఫారడ్ కెపాసిటర్‌ను 10 వోల్టులకు చార్జ్ చేసి, అంతే సైజున్న ఖాళీ కెపాసిటర్‌కు ఒక రెసిస్టర్ ద్వారా కలిపారు. చార్జ్ ఎటూ పోదు కాబట్టి రెండూ 5 వోల్టుల దగ్గర ఆగుతాయి. మొదట ఉన్న శక్తి 50 మైక్రోజౌళ్లు, చివర రెండింటిలో కలిపి 25. మిగతా సగం రెసిస్టర్లో వేడిగా పోయింది. ఇక్కడిదాకా అందరూ చెబుతారు. "రెసిస్టర్ విలువ పది రెట్లు తగ్గిస్తే ఎంత పోతుంది?" అంటారు. అదే సగం, విలువతో పని లేదు, టైము మాత్రమే మారుతుంది. "మరి రెసిస్టెన్స్ అసలే లేకపోతే ఆ సగం ఎక్కడికి పోయింది?" ఇప్పుడు వైర్ ఇండక్టెన్స్ లెక్కలోకి వస్తుంది, ఆసిలేషన్ వస్తుంది, రేడియేషన్ వస్తుంది, మనం క్లాసులో గీసిన మోడల్ ఎక్కడ పని చేయడం మానేసిందో మాట్లాడాల్సి వస్తుంది. ప్యానెల్ చూసేది ఆ చివరి మెట్టులో మీరు ఎలా ఆలోచిస్తున్నారన్నదే. జవాబు తెలియకపోతే తెలియదని చెప్పి, తెలిసిన చోటు నుంచి పైకి మాట్లాడుతూ లెక్క మొదలుపెట్టండి. అలా మొదలుపెట్టిన పిల్లలకు ప్రొఫెసర్లు సాయం చేస్తారు, నిజంగా చేస్తారు.

ప్రిపరేషన్‌కు లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ, సర్క్యూట్స్, సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ ఈ నాలుగూ ఎముకలదాకా పట్టాలి. వీటితోపాటు మీకు ఇష్టమైన ఒక్క సబ్జెక్టు బాగా లోతుగా. ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి నడిపే ఎన్‌పీటెల్ లెక్చర్లు ఉచితం. చూస్తే చాలదు, వీడియో ఆపి ప్రతి డెరివేషన్ కాగితం మీద మీరే చేయాలి.

గైడ్‌ను ఎంచుకోవడం

ఈ ఒక్క నిర్ణయానికి ఎంత టైము పెట్టినా తక్కువే. వెబ్‌సైట్ చూసి ఎంచుకోకండి. ఆ గైడ్ గత నాలుగేళ్ల పేపర్లలో రెండు తీసుకుని మొదటినుంచి చివరిదాకా చదవండి. సగం అర్థం కాదు, ఫరవాలేదు. అర్థం కాని ఆ సగం తెలుసుకోవాలని ఉందా, లేక నిద్ర వస్తోందా అన్నదే మీకు కావలసిన జవాబు. ఆ తర్వాత ఆ ల్యాబ్‌లో ఉన్న స్టూడెంట్లతో మాట్లాడండి. ఎంతమంది చేరారు, ఎంతమంది పూర్తిచేశారు, పూర్తయినవాళ్లు ఇప్పుడెక్కడున్నారు, మీటింగ్ వారానికొకటా నెలకొకటా, డ్రాఫ్ట్ ఇస్తే ఎన్నాళ్లకు తిరిగొస్తుంది, పేపర్లో మొదటి పేరు ఎవరిది, ఊరెళ్తానంటే ఏమంటారు. ఇవి అడగడానికి మొహమాటపడకండి. సీనియర్లు మెయిల్లో రాయనివి టీ తాగుతూ చెబుతారు, అందుకే వీలైతే నేరుగా వెళ్లి కలవండి. ఐఐఎస్సీలో ఏటా ఓపెన్ డే పెడతారు, ఆ రోజు ఎవరైనా లోపలికి వెళ్లొచ్చు. హై వోల్టేజ్ ల్యాబ్ డెమో చూడడానికి జనం క్యూ కడతారు, మీరూ చూడండి, కానీ జనం తక్కువగా ఉన్న ల్యాబ్‌లో పోస్టర్ పక్కన నిలబడిన స్టూడెంట్ దగ్గర అరగంట గడపడం మీకు అంతకన్నా ఉపయోగం.

గైడ్‌కు మెయిల్ రాస్తే "రెస్పెక్టెడ్ సర్, ఐ యామ్ వెరీ పాషనేట్" అని మొదలుపెట్టి వందమందికి పంపే మెయిల్ వద్దు. ఆయన ఫలానా పేపర్లో ఫలానా ఫిగర్ గురించి నాకు ఈ సందేహం, నేను సిమ్యులేషన్ చేస్తే ఇలా వచ్చింది, అని పది లైన్లు రాయండి. దానికి జవాబు రాకపోయినా నష్టం లేదు, ఇంటర్వ్యూకి మీరు సగం తయారైనట్టే.

టాపిక్ విషయంలో కూడా ఒక మాట. ఇప్పుడు ఎలక్ట్రిక్ వెహికల్స్, గాలియం నైట్రైడ్ డివైసులు, గ్రిడ్‌లో సోలార్ ఇన్వర్టర్లు, స్పీచ్, 6జీ అని అందరూ పరుగెడుతున్నారు. మీ థీసిస్ అయ్యేసరికి గాలి మారవచ్చు. అందుకే టాపిక్ వెనక ఉన్న పనిముట్లు చూడండి: ఆప్టిమైజేషన్, ఎస్టిమేషన్, ఫీల్డ్ థియరీ, హార్డ్‌వేర్ పనిలో మంచి చేతివాటం. అవి ఎక్కడికైనా మీతో వస్తాయి. గుంటూరులో పుట్టిన మతుకుమల్లి విద్యాసాగర్ గారు కంట్రోల్ థియరీ మనిషి. బెంగళూరులో డీఆర్‌డీఓ వారి కేర్ (కృత్రిమ మేధ, రోబోటిక్స్ కేంద్రం) సంస్థను 1989 నుంచి 2000 దాకా నడిపారు, ఆ తర్వాత క్యాన్సర్ బయాలజీలో లెక్కల పని చేశారు, 2012లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు. బి. యజ్ఞనారాయణ గారు ఐఐఎస్సీలో ఈసీఈ చదివి, ఐఐటీ మద్రాస్‌లో కంప్యూటర్ సైన్స్ డిపార్ట్‌మెంట్లో స్పీచ్ మీద ఏళ్ల తరబడి పని చేశారు. డిపార్ట్‌మెంట్ గోడలు వీళ్లను ఆపలేదు. చేతిలో ఉన్న లెక్కే వాళ్లను తీసుకెళ్లింది.

ల్యాబ్‌లో నేర్చుకోవాల్సినవి

మొదటి ఏడాది కోర్స్‌వర్క్, తర్వాత కాంప్రహెన్సివ్ పరీక్ష. ఇవి మీరు గట్టెక్కుతారు. అసలు కష్టం రెండో ఏడాదిలో మొదలవుతుంది, పరీక్షలు లేవు, గడువులు లేవు, ప్రశ్న కూడా సరిగ్గా లేదు. చాలామంది డల్ అయ్యేది అప్పుడే. ఆ రోజుల్లో ఏదో ఒక పాత పేపర్ ఫలితాన్ని మీ చేతులతో మళ్లీ తెప్పించడం పెట్టుకోండి. అది అచ్చం రాదు, ఎందుకు రాలేదో వెతకడంలో మీ సొంత ప్రశ్న దొరుకుతుంది. నేను స్టూడెంట్లకు ఇచ్చే మొదటి పని ఇప్పటికీ ఇదే.

పవర్ ఎలక్ట్రానిక్స్ వైపు వెళ్లేవాళ్లకు భద్రత సంగతి గట్టిగా చెప్పాలి. 230 వోల్టుల ఏసీని రెక్టిఫై చేస్తే డీసీ బస్ మీద సుమారు 325 వోల్టులు నిలుస్తాయి, స్విచ్ ఆపేసినా కెపాసిటర్లలో ఆ చార్జ్ అలాగే ఉంటుంది. ఆ చార్జ్‌ను మెల్లగా దింపేసే బ్లీడర్ రెసిస్టర్ పెట్టండి, పెట్టాక కూడా మల్టీమీటర్‌తో చూసుకోకుండా చేయి పెట్టకండి. ఆసిలోస్కోప్ మామూలు ప్రోబ్ గ్రౌండ్ క్లిప్ లోపలి నుంచి మెయిన్స్ ఎర్త్‌కు కలిసి ఉంటుంది. దాన్ని తీసుకెళ్లి ఐసోలేషన్ లేని సర్క్యూట్లో ఎర్త్ కాని చోట తగిలిస్తే అక్కడికక్కడే షార్ట్. అలాంటి చోట డిఫరెన్షియల్ ప్రోబ్ వాడాలి. ప్లగ్‌లో ఎర్త్ పిన్ తీసేసి స్కోప్ నడిపే అలవాటు కొన్ని చోట్ల ఉంది, సీనియర్ చెప్పినా సరే అది మీరు నేర్చుకోకండి, అప్పుడు స్కోప్ బాడీయే లైవ్ అవుతుంది. రాత్రి ఒంటరిగా హై వోల్టేజ్ పని పెట్టుకోవద్దు. పేపర్ డెడ్‌లైన్ ఉన్నా సరే.

డేటా విషయంలో: తీసిన ప్రతి వేవ్‌ఫామ్‌కు ముడి ఫైలు దాచండి, స్క్రీన్‌షాట్ ఒక్కటే చాలదు. ప్రోబ్ ఏ అటెన్యుయేషన్‌లో ఉంది, బ్యాండ్‌విడ్త్ లిమిట్ ఆన్‌లో ఉందా, బోర్డు ఏ వెర్షన్, ఇవన్నీ తేదీతో నోట్‌బుక్‌లో రాయండి. ఏడాది తర్వాత రివ్యూయర్ ఒక చిన్న అనుమానం అడిగితే, ఈ నోట్సే మిమ్మల్ని కాపాడుతుంది.

ఇంకొకటి, వర్క్‌షాప్, స్టోర్స్ స్టాఫ్‌తో స్నేహంగా ఉండండి. కన్నడ నేర్చుకోండి, మనకు కష్టమేమీ కాదు, లిపి కూడా మన లిపికి చాలా దగ్గర. "ఊట ఆయ్తా?" (భోజనం అయిందా?) అని రోజూ పలకరించే అలవాటుంటే రెండు నెలల్లో మాట వచ్చేస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ చుట్టడం, హీట్ సింక్ డ్రిల్ చేయడం వాళ్లకు తెలిసినంత ప్రొఫెసర్లకు తెలియదు. చిన్న పార్టులు అర్జెంటుగా కావాలంటే ఎస్పీ రోడ్డుకు, చెన్నైలో అయితే రిచీ స్ట్రీట్‌కు వెళ్లాల్సిందే. థీసిస్‌లో వాడే ఐసీలు, ఎంఓఎస్‌ఫెట్‌లు మాత్రం కంపెనీ అధీకృత డిస్ట్రిబ్యూటర్ దగ్గరే కొనండి, నకిలీ డివైస్ వస్తే నెలల పని గంగలో కలుస్తుంది.

పేపర్లు

ఐఈఈఈ ట్రాన్సాక్షన్స్ లాంటి జర్నళ్లలో రివ్యూకి నెలలు పడుతుంది, తిరిగి పంపితే మళ్లీ నెలలు. అందుకని అన్నీ అయ్యాక రాద్దామని ఆగకండి. ముందు ఒక కాన్ఫరెన్స్ పేపర్, కమ్యూనికేషన్స్ వాళ్లయితే ఎన్‌సీసీ (నేషనల్ కాన్ఫరెన్స్ ఆన్ కమ్యూనికేషన్స్), ఐఐఎస్సీలో జరిగే ఎస్పీకామ్ లాంటివి, పవర్ వాళ్లయితే ఎన్‌పీఎస్‌సీ (నేషనల్ పవర్ సిస్టమ్స్ కాన్ఫరెన్స్). దాని మీద వచ్చిన ప్రశ్నలతో జర్నల్ పేపర్. డబ్బు కడితే వారంలో అచ్చువేస్తామనే జర్నళ్ల మెయిళ్లు మీకు రోజూ వస్తాయి, వాటి జోలికి వెళ్లకండి. సీవీలో అలాంటి పేపర్ ఒక్కటి కనిపించినా సెలెక్షన్ కమిటీ మిగతా మంచి పేపర్లను కూడా అనుమానంగా చూస్తుంది. రిజెక్ట్ అయిన రోజు ఆ రిపోర్ట్ పక్కన పెట్టి ఇంటికెళ్లండి. మూడో రోజు చదివితే అందులో కనీసం ఒక్క ముక్క నిజమే అనిపిస్తుంది.

ఉద్యోగానికి అప్లై చేయడం

ఐఐటీల్లో గ్రేడ్ 1 పోస్టుకు పీహెచ్‌డీ తర్వాత మూడేళ్ల అనుభవం అడుగుతారు, అంతకన్నా తక్కువ ఉన్నవాళ్లను గ్రేడ్ 2లో తీసుకుంటారు. పోస్ట్‌డాక్ విదేశంలోనే చేయాలని రూలేమీ లేదు, బెంగళూరులోని కంపెనీ రీసెర్చ్ ల్యాబ్‌లో చేసిన పని కూడా లెక్కలోకి వస్తుంది. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ ఇక్కడికి వచ్చింది 1985లో, అప్పటినుంచి ఈ ఊళ్లో చిప్ పని ఆగలేదు. కానీ పోస్ట్‌డాక్ మాత్రం మీ పీహెచ్‌డీ గైడ్ నీడలోంచి బయటికి వచ్చే చోట చేయండి. ఎందుకంటే సెమినార్ అయ్యాక అడిగే ప్రశ్నల్లో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇది: "ఇందులో మీ గైడ్ ఆలోచన ఎంత, మీది ఎంత?" దానికి సూటిగా చెప్పగలగాలి.

రీసెర్చ్ స్టేట్‌మెంట్‌లో సగం పాత పని, సగం రాబోయే అయిదేళ్ల పని. రాబోయే పనిలో మొదటి స్టూడెంట్‌కు ఇవ్వబోయే ప్రాబ్లమ్ ఏమిటి, ఏ పరికరం కావాలి, డబ్బు ఎక్కడినుంచి వస్తుంది అన్నవి పేర్లతో సహా ఉండాలి. రికమెండేషన్ లెటర్ ఇచ్చేవాళ్లలో కనీసం ఒక్కరు మీతో కలిసి పేపర్ రాయనివాళ్లు అయితే మంచిది. కాన్ఫరెన్సుల్లో మీ టాక్ విని ప్రశ్న అడిగినవాళ్లను మర్చిపోకండి.

చేరాక మొదటి మూడేళ్లు

కొత్త కోర్సుకు నోట్స్, ఖాళీ గదిలో ల్యాబ్, కొటేషన్లు, పర్చేజ్ కమిటీ, టెండర్. ఒక మంచి స్కోప్ రావడానికే నెలలు పడుతుంది కాబట్టి చేరిన వారంలోనే ఇండెంట్ (ఫలానాది కొనాలని ఇన్‌స్టిట్యూట్‌కు ఇచ్చే అర్జీ) మొదలుపెట్టండి. ఇన్‌స్టిట్యూట్ సీడ్ గ్రాంట్‌తోపాటు, రీసెర్చ్‌కు కేంద్రం తరఫున నిధులిచ్చే ఏఎన్‌ఆర్‌ఎఫ్ కొత్త ఫ్యాకల్టీకి ఇచ్చే ప్రైమ్ మినిస్టర్ ఎర్లీ కెరీర్ గ్రాంట్‌కు రాయండి, మూడేళ్లకు 60 లక్షల దాకా ఇస్తారు. సదాశివనగర్ పక్కనున్న సీపీఆర్ఐ (సెంట్రల్ పవర్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్) లాంటి చోట టెస్టింగ్ సౌకర్యం ఉంటే, అదే పరికరం మీరు మళ్లీ కొనకండి. మొదటి ఇద్దరు స్టూడెంట్లను తొందరపడి తీసుకోవద్దు. వాళ్లు ఎలా పని చేస్తారో ఆ ల్యాబ్ మొత్తం పదేళ్లు అలాగే నడుస్తుంది. క్లాసును తేలిగ్గా తీసుకోకండి. మంచి స్టూడెంట్లు మీ ల్యాబ్‌కు వచ్చేది మీ పేపర్లు చదివి కాదు, మీ క్లాసులో కూర్చుని.

కొంచెం పెద్ద చూపు కావాలనుకునేవాళ్లు ఐఐటీ మద్రాస్ అశోక్ ఝున్‌ఝున్‌వాలా గారి దారి చూడండి. ఎలక్ట్రికల్ ప్రొఫెసర్‌గా ఉంటూనే ఊళ్లకు తక్కువ ఖర్చుతో ఫోన్ ఇచ్చే కార్‌డెక్ట్ వైర్‌లెస్ సిస్టమ్ తన బృందంతో తెచ్చారు, తరమణిలో రీసెర్చ్ పార్క్ రావడంలో ముందున్నారు. ల్యాబ్ పని బజారు దాకా వెళ్లాలంటే ప్రొఫెసర్ ఎంత వెంటపడాలో అక్కడ తెలుస్తుంది.

ప్రైవేట్ కాలేజీ, ఉద్యోగంలో ఉన్నవాళ్లు

అందరికీ ఐఐటీ రాదు, అవసరం కూడా లేదు. ఏఐసీటీఈ (అఖిల భారత సాంకేతిక విద్యా మండలి) స్కేలు ఇచ్చే కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ బేసిక్ 57,700. చాలా కాలేజీలు ఇంతకన్నా తక్కువే ఇస్తాయి, కాబట్టి ఆఫర్ లెటర్‌లో స్కేలు పేరు రాసి ఉందో లేదో చూడండి. వారానికి 16 గంటల క్లాసులు, పైన కాలేజీ గుర్తింపు కోసం ఎన్‌బీఏ, నాక్ ఫైళ్లు. అసోసియేట్ కావాలంటే పీహెచ్‌డీ, కనీసం 6 మంచి పేపర్లు, 8 ఏళ్ల అనుభవం ఉండాలి, అందులో రెండేళ్లు పీహెచ్‌డీ తర్వాతివి. ఇక్కడ రీసెర్చ్ నిలవాలంటే సిమ్యులేషన్ లేదా చవక హార్డ్‌వేర్‌తో నడిచే ప్రశ్న ఎంచుకుని, వారంలో ఒక పూట ఎవరికీ ఇవ్వకుండా దాచుకోవాలి. చేరేముందే కాలేజీకి యూనివర్సిటీ గుర్తించిన రీసెర్చ్ సెంటర్ ఉందా అని అడగండి.

కంపెనీలో ఉన్నవాళ్లకు ఐఐఎస్సీ, ఐఐటీ మద్రాస్‌లో ఎక్స్‌టర్నల్ రిజిస్ట్రేషన్ ఉంది. కోర్స్‌వర్క్‌కు కొంతకాలం క్యాంపస్‌లో ఉండాలి, కంపెనీ నుంచి లెటర్ కావాలి, సాధారణంగా అక్కడే ఒక కో-గైడ్ కూడా ఉండాలి. మేనేజర్‌తో మాట్లాడేటప్పుడు మీ థీసిస్ ఫలితాలు బయట అచ్చు వేసుకోవచ్చా, పేటెంట్ ఎవరిది అన్న రెండు విషయాలూ రాతలో తీసుకోండి. అది తేలకుండా రిజిస్టర్ చేసుకుంటే నాలుగో ఏడాదిలో పేపర్ పంపే రోజున లీగల్ టీమ్ దగ్గర ఆగిపోతుంది.